అణుధూళి వాన

పొరుగు దేశం అణుబాంబు పేల్చిందనీ, ఆ ధూళి గాలిలో మనవైపు రావచ్చనీ పేపర్లో పడిన ఏడాది నేను బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో టీచర్ని. పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. బడి వదిలాక మా ఇంటివాళ్ల అరుగు మీద కూర్చుని పదిమందికీ చదివి వినిపించేదాన్ని. మొదటిరోజు, వానతోపాటు ఆ ధూళి దిగుతుందని రాశారు. మర్నాడు భయం లేదన్నారు. మూడోరోజు ఆ మాటే లేదు.

నాలుగోరోజు వాన పట్టింది. నారుమళ్లు బీటలు వారి, ఊరంతా నెలరోజులుగా ఎదురుచూసిన వాన. అయినా ఎవరూ గడప దాటలేదు. ఇంటావిడను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె చూరు కింది బిందెను లోపలికి లాగేసి నా దగ్గరకు వచ్చింది.

"టీచరమ్మా, ఈ నీళ్లు తాగొచ్చా? కోడలు కడుపుతో ఉన్నాది."

"భయం లేదని రాశారు కదత్తా."

"ఆళ్లు సెప్పింది కాదు. నువ్వేటంటావు?"

"నాకూ తెలీదత్తా. పోనీ, నూతి నీళ్లు ఇవ్వండి."

"నూతిలో పడతన్నాదీ ఈ వానే గదమ్మా!"

అత్త భర్త, మావ మాత్రం గోనెసంచి తలకు కప్పుకుని లేచాడు. "ఏటి పడినా మడి తడవాల గదా" అంటూ పొలానికి వెళ్లిపోయాడు.

శ్రావణంలో మనవరాలు పుట్టింది. బాగానే ఉంది. కానీ పిల్లకు ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా అత్త నన్ను పిలిచి, "ఆ వాన వల్లేనేటి?" అనేది. అక్కడున్న నాలుగేళ్లూ తెలీదనే చెప్పాను.