పప్పు డబ్బాలోని కళ్ళద్దాలు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఈ సంగతి రాయనని మొదట మొండికేసింది. రాయవే, తప్పు చేసింది నేను, నీకేం సిగ్గు అన్నాను.

మాది మిట్టేమరి పక్కన పల్లె. మా ఆయన దర్జీ. ఆయన పోయి నాలుగేళ్ళు. దినాలయ్యాక ఆయన బట్టలు, చెప్పులు, మంచం అన్నీ ఇచ్చేశాం. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదు మా వైపు. కళ్ళద్దాలు మాత్రం నేను ఎవరికీ చెప్పకుండా పప్పు డబ్బాలో దాచాను. మిషన్ ముందు కూర్చుని సూదికి దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే అద్దాలవి. ఎందుకు దాచావంటే చెప్పలేను. ఆయన మొహం మీద ఉండిన వస్తువు, అంతే.

పిల్ల బాగేపల్లి కాలేజీలో బీయస్సీ చేరింది. లెక్కల టీచరు కావాలని దాని ఆశ. చేరిన ఏడాదే లెక్కల్లో తప్పింది. లెక్చరర్ నన్ను పిలిపించాడు.

"ముందు బెంచీలో కూర్చోబెట్టినా బోర్డు కనబడదంటాండాదమ్మా. కండ్లు చూపించు. ఇట్లే తప్పుతా పోతే ఆర్ట్స్‌కి మారమని నేనే చెప్పాల్సొస్తాది."

అద్దాల అంగడికి పోయి అడిగాను. అంగడాయన చెప్పిన ధర విని మెట్లు దిగేశాను. ఇంటికి రాగానే పప్పు డబ్బా దించాను. అద్దాలంటే అద్దాలే కదా, ఎవరివైతే ఏమి అనుకున్నాను. పిల్ల ముక్కు మీద పెట్టి, "మీ నాయనవి. ఆయనే పక్కన కూర్చోని చదివిస్తాండాడనుకో" అన్నాను.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగా కనబడతాండాదా?"

"ఊ" అంది.

ఆరు నెలలు పెట్టుకుంది. రోజూ పొద్దున పైట కొంగుతో శుభ్రంగా తుడిచి నేనే చేతికిచ్చేదాన్ని. అయినా లెక్కల్లో మళ్ళీ తప్పింది. ఇంక ఒక్క పరీక్షే మిగిలింది, అదీ తప్పితే ఆర్ట్స్‌కి మారాల్సిందే. అప్పుడు ఆ లెక్చరరే చెప్పాడు, చింతామణిలో ఒక కల్యాణ మండపంలో ఆదివారం కంటి శిబిరం ఉంది, కాలేజీ పిల్లలకు ఊరికే చూస్తారు, పొమ్మని. ఇద్దరం బస్సెక్కాం.

అక్కడ రెండు వరుసలు పెట్టారు. అద్దాలు లేనివాళ్ళది ఒకటి, ఉన్నవాళ్ళది ఒకటి. లేనివాళ్ళకు అద్దాలు కూడా ఉచితం. ఉన్నవాళ్ళకు నంబరు రాసిన చీటీ మాత్రం ఇస్తారు, అద్దాలు అంగట్లో కొనుక్కోవాలి. పేర్లు రాసుకునే అమ్మాయి మా పిల్ల మొహం చూసి రెండో వరుసకు పొమ్మంది.

"తియ్యవే అవి" అన్నాను చెవిలో.

"చీటీ చాల్లేమా."

"చీటీ పెట్టుకోని ఏం చేస్తావే, చట్నీ నూరుతావా?"

తల వంచుకుంది గాని తీయలేదు. వరుస జరుగుతోంది. ఇంక నేనే పేర్లు రాసే అమ్మాయి బల్ల దగ్గరికి పోయాను. ఇన్నేళ్ళు దాచిన సంగతి అంతమంది ముందు చెప్పేశాను.

"ఆ అద్దాలు దానివి కావమ్మా. వాళ్ళ నాయనవి. ఆయన లేడు."

నా వెనక చాకవేలు నుంచి వచ్చిన ఒకామె ఉంది. గట్టిగా అనేసింది.

"సచ్చిపోయినోని అద్దాలు ఆడపిల్ల మొగానికి తగిలించినావా? ఏం తల్లివమ్మా నువ్వు?"

వరుసంతా నా వైపు తిరిగింది.

"ఏం చేసేది అక్కా, బతికుండేవాళ్ళను అడిగితే ఇస్తారా?" అన్నాను.

ఎవరో నవ్వారు. ఆ చాకవేలు ఆమె మా పిల్ల భుజం పట్టి, "పో పాపా, ఆ వరసలో నిలబడు పో. నిన్నెవరన్నా అడ్డమొస్తే నేను చూసుకుంటా" అంది. పేర్లు రాసే అమ్మాయి కూడా కాగితంలో మార్చి రాసుకుంది.

లోపల కళ్ళు చూసే డాక్టరమ్మ ఆ అద్దాలు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి గోడ మీది అక్షరాలు చదివించింది. పెడితే పైనున్న పెద్ద అక్షరం కూడా కనబడలేదు.

"ఇవి దగ్గరుండేది చూసేదానికమ్మా. నీ బిడ్డకు కనబడనిది దూరం. ఇవి పెట్టుకుంటే ఉండే చూపు కూడా మసకైపోతాది. తలనొప్పి రాలేదా పాపా?"

"రోజూ వస్తాండె" అంది పిల్ల.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు పొద్దున్నే కొంగుతో తుడిచి తుడిచి ఇస్తాంటివి కదమ్మా. ఎట్ల చెప్పేది?"

ఆరు నెలలు ఆ నొప్పి పెట్టింది నేనే. నాయన పేరు చెప్పి పిల్ల నోరు కట్టేశాను. నేను ఏడుస్తానని అది నొప్పి ఓర్చుకుంది. దాని కోసం నేను ఆచారం తప్పానని అనుకున్నాను గాని, నిజంగా తప్పింది నా కోసమేనని డాక్టరమ్మ ముందు బెంచీ మీద కూర్చుని తెలుసుకున్నాను.

రెండు వారాలకు రమ్మన్నారు. పోయి కొత్త అద్దాలు తెచ్చుకున్నాం. నల్ల ఫ్రేము, అదే ఏరుకుంది. బస్టాండు దాకా వచ్చాక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "అమ్మా, ఎడం చెవెనక ఒత్తుకుంటాండాది" అంది. నాకు ఎంత హాయనిపించిందో. "నడువే వెనక్కి" అని మళ్ళీ మండపానికి పోయి చెవికి తగిలే కాడ సరిచేయించాం. బస్సు పోయింది, పోనీ అనుకున్నాం.

మిగిలిన ఆ ఒక్క పరీక్ష గట్టెక్కింది. లెక్చరర్ ఆర్ట్స్ మాట మళ్ళీ ఎత్తలేదు.