రూతక్క దాటిన వాగు

తడి గోడ మీద సుద్దముక్కతో గీస్తే ఒక పాడు చప్పుడు వస్తుంది. పళ్లు జివ్వుమంటాయి. మొన్న దసరా సెలవుల్లో కొచ్చిలో, మట్టాంచేరి సందుల్లో జోరువానలో నడుస్తుంటే ఆ చప్పుడు వినపడింది. పాత గోదాముల్లోంచి శొంఠి ఘాటు, మిరియాల ఘాటు, తడిసిన గోనెసంచుల వాసన కలిసి వస్తున్నాయి. తిరిగి చూస్తే, ముప్పయ్యేళ్ల ఆరోగ్య కార్యకర్త ఒకామె గొడుగును మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒక ఇంటి తలుపు పక్కన ఏదో గుర్తు వేస్తోంది. సుద్ద పట్టడం లేదు. కొంగుతో తుడిచి మళ్లీ గీస్తోంది. పాపం అనుకోవాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ముప్పయ్యేళ్లుగా ఆ గుర్తులు చూస్తే నాకు మంటే.

మేము ఓడలో వచ్చాం. నేనూ, మా ఆయనా, ఆయనతో బళ్లో పనిచేసిన ఇద్దరు పంతుళ్లూ వాళ్ల భార్యలూ. ఖమ్మంలో రైలెక్కి ముంబై వెళ్లి, అక్కడ ఆ తేలే హోటల్ ఎక్కాం. కొచ్చిలో అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగుతుంది. అందరూ టూరు బస్సు ఎక్కుతుంటే నేను పక్కకు జరిగాను.

"గీ వానల ఏడికి పోతవ్ శారదా? బస్సుల కూసుంటే అన్ని వాళ్లే చూపిస్తరు గదా," అన్నారు మా ఆయన.

"మీరు కూసోన్రి. నేను నడుస్త."

"జల్దీ రా మరి. ఓడ మనకోసం ఆగదు."

ఊరిని కాళ్లతోనే చూడాలని నాకు నేర్పింది రూతక్క. భద్రాచలం అడవి అంచున ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. మాది ఖానాపురం హవేలి. నర్సు చదువు చదివి, తాత్కాలిక ఉద్యోగం అంటూ ఒకటి దొరికితే, ఆమె దగ్గర చేరాను. ఆమెకప్పుడు నలభై దాటాయి. పొట్టి మనిషి. ఆదివారం ప్రార్థనకు తప్ప తెల్లచీర కట్టదు. బురదకు తెల్లచీర ఏందే, అనేది. చేరిన మొదటి రోజు నేను కొత్త చెప్పులేసుకుని బయలుదేరితే నా కాళ్లకేసి చూసి, "చెప్పులు చేతిల పట్టుకో. రోడ్డు గీడికే," అంది. నిజంగానే రోడ్డు అక్కడికే. అటు తర్వాత పొలం గట్లు, కంకర, మోదుగ పొదలు, మూడు వాగులు. ఏడు గూడేలు. అన్నిటికీ నడకే.

ఏ గూడెం వెళ్లినా ఆమె ముందర ఉన్న ఇళ్లన్నీ దాటుకుంటూ తిన్నగా చివరింటికి వెళ్లేది. పలకరిస్తున్నా ఆగేది కాదు. అక్కడి నుంచి వెనక్కి వస్తూ ఇల్లిల్లూ చూసేది. నాకు పిచ్చిపనిలా తోచి ఒకసారి అడిగాను.

"మొదటింటి కాణ్నుంచి షురూ చేసినవనుకో, చివరింటి దాక పోయేసరికి కాళ్లు గుంజుతయ్. 'ఆడ జ్వరాలు లేవు తియ్యి' అని మనసు అబద్ధం చెప్తది. జ్వరం ఉండేదే ఆ చివరింట్ల," అంది.

జ్వరమంటే అక్కడ మలేరియా. వేలు పొడిచి, రక్తపు చుక్క గాజుపలక మీద పూసి, మాత్రలు తన ఎదురుగానే మింగించి, అప్పుడు తలుపు పక్కన చూరు కింద సుద్దతో తేదీ, ఇంట్లో జ్వరం ఉన్నవాళ్లు ఎందరో, తన పొడి సంతకం రాసేది. మేము వచ్చి వెళ్లామనడానికి పై అధికారులు చూసే ఆనవాలు అదే. జ్వరంతో ఉన్నవాణ్ని అటక మీద దాచి "ఎవ్వరు లేరు" అన్న ఇంటాయన్ని ఆమె తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. ఆయనకు తెలుగు సగమే వచ్చు. ఆమెకు వాళ్ల మాట సగమే వచ్చు. తిట్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. అటక మీదివాడు దిగి వచ్చి వేలు చాపాడు.

నాకూ తిట్లు పడ్డాయి. మందులపెట్టె వానలో పెట్టినందుకు, పసివాడు ఏడుస్తున్నాడని సగంలో వదిలేసినందుకు, పై డాక్టరుగారికి ఎదురు చెప్పలేకపోయినందుకు. "నోరు దేవుడు తిననీకి ఒక్కదానికే ఇచ్చిండా?" అనేది. ఆ మాట ఆ తర్వాత ఎన్ని రాత్రులు విన్నానో.

నేను చేరిన ఏడు, గూడేల్లో కొత్త పంట తినే కొత్తల పండగకు నాలుగు రోజుల ముందు వాన పట్టుకుంది. మూడో వాగు అవతలి గూడెంలో జ్వరాలని కబురొచ్చింది. వెళ్లేసరికి వాగు నడుము లోతుంది. ఎర్రటి నీళ్లు కొట్టుకొస్తున్నాయి. అవతలి నుంచి ఇద్దరు మనుషులు మోకు విసిరారు. రూతక్క గాజుపలకల డబ్బాను తువ్వాలతో నెత్తికి కట్టుకుంది.

"నాకు భయమైతాందక్కా," అన్నాను.

నా మొహంలోకి ఒక క్షణం చూసింది. "సరే. గీడనే ఉండు," అని దిగింది. ఒకసారి మునిగి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అవతల ఉంది.

పొద్దు వాలేదాకా ఇవతల చెట్టు కింద కూర్చున్నాను. ఆమె తిరిగి వచ్చినప్పుడు మెడదాకా తడి, మోచేయి చీరుకుపోయి నెత్తురు. డబ్బా నిండుగా ఉంది. "ఇరవై మూడిళ్లు. ఒక పిల్లకు బాగలేదు. మాత్రలు మింగిచ్చిన. నీళ్లు తగ్గంగనే దవాఖానాకు మోసుకపోవాలె," అంది. నువ్వెందుకు రాలేదని ఒక్క మాట అనలేదు.

మూడోనాడు నీళ్లు తగ్గాయి. ఇద్దరం వెళ్లాం. ఆడవాళ్లంతా గోడలకు ఎర్రమట్టి అలుకుతున్నారు. పండగకు ఇల్లు అలకనిదే కొత్త తిండి ముట్టరు వాళ్లు. జ్వరం పిల్ల ఉన్న ఇంటిని కూడా ముసలమ్మ అలికేసింది. ఇరవై మూడు గుర్తులూ పోయాయి. తడి మట్టి మీద కొత్తగా గీద్దామన్నా పడదు.

"అక్కా, గుర్తులన్ని పోయినయ్. రేపు ఎవరన్న వస్తే?" అన్నాను.

"వాళ్ల పండక్కి వాళ్ల ఇల్లు అలుక్కుంటే నా సుద్దగీతల కోసం ఆపుతనా? నువ్వు ఆ పిల్ల కాళ్లు పట్టు. మంచం కట్టాలె."

అదే ఆమె చేసిన తప్పు. తప్పని నేను అనను, ఆఫీసు అంది. మంచానికి తాళ్లు కట్టి డోలీలో పిల్లను మోసుకొచ్చారు. మర్నాడు దవాఖానాలో పిల్ల పోయింది. పేపర్లో వచ్చింది. జీపులో విచారణకు ఒక అధికారి వచ్చాడు. గోడలన్నీ నున్నగా ఎర్రగా మెరుస్తున్నాయి. ఒక్క గీత లేదు.

"పిల్ల చావుబతుకుల్లో ఉన్నప్పుడు వచ్చారు. అంతకుముందు ఎవరూ రాలేదు," అని తేల్చేశాడు. గాజుపలకలు చూపిస్తే, "ఒక్కడి వేలు పొడిచి ఇరవై పలకలు పూయొచ్చు," అన్నాడు. గూడెం వాళ్లు వచ్చిందని చెప్తుంటే, "వీళ్లేం అడిగినా అవునంటారు," అని చేయి ఊపాడు. థూ! ఆ వాగులో ఒక్కసారి కాలు పెట్టిన మనిషి కాదు వాడు. అటువైపు జీపు పోదని మంచంలో కూర్చుని మోయించుకున్నాడు, ఆ పిల్లను మోసిన భుజాల మీదే.

తర్వాత నన్ను పిలిచాడు. రూతక్క బయట నిలబడి ఉంది.

"నువ్వు ఆమెతో వెళ్లావా? వెళ్తే గూడెం వాళ్లు ఆమె ఒక్కర్తే వచ్చిందని ఎందుకంటున్నారు? ఆలోచించి చెప్పు. వెళ్లానంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

నాకు జ్వరం అన్నాను. ఆ రోజు నేను ఉపకేంద్రంలోనే పడుకున్నాను, ఏమీ తెలియదు అన్నాను. అతనే రాశాడు, నేను సంతకం పెట్టాను. బయటికొచ్చేటప్పుడు ఆమె మొహం చూడకుండా తల వంచుకుని నడిచాను. అంత నడక నేర్పింది కదా, బాగా పనికొచ్చింది.

ఆమె ఉద్యోగం పోయింది. నా ఉద్యోగం పర్మినెంటయింది.

రెండేళ్లకు ఆమె సొంతూరు బోనకల్ వెళ్లి ఆమెను వెతుక్కున్నాను. కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నా కళ్లు మండి నీళ్లు కారుతుంటే మిరపఘాటే అనుకుంది కాబోలు, తడిగుడ్డ ఇచ్చింది. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. క్షమించక్కా అన్నాను. ప్రార్థనకు పోయే మనిషి, క్షమిస్తుందని లెక్కేసుకునే వచ్చాను, దాచడమెందుకు.

"లే ముందు," అంది. "రాసిస్తవా?"

"ఏందక్కా?"

"ఆ రోజు నేను పోయిన్నని. నువ్వు ఇవతల కూసున్నవని. ఆఫీసుకు రాసిస్తవా?"

తడిగుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాను.

"గట్లనా. నాకు ఉద్యోగం మీద మోజు లేదు శారదా. పొయ్యింది పొయ్యింది. కానీ ఆ పిల్ల తల్లి ఉన్నది సూడు, నర్సమ్మ రాకనే ఆమె బిడ్డ పోయిందని గవర్మెంటు కాయిదంల రాసుంది. వచ్చిన్నని ఆ తల్లికి తెలుసు. తెలిసినదాన్నే అబద్ధం చేసిన్రు మీరు. నాకు కోపం పోలే. నేను పోగొట్టుకోను గూడ. రాసినంక రా. అప్పుడు చాయ్ తాగుదాం."

నేను రాయలేదు, వెళ్లలేదు. పిల్లలు చిన్నవాళ్లు, ఇల్లు కడుతున్నాం, ప్రమోషనొస్తోంది. ప్రతి ఏడూ ఒక వంక దొరికింది. నాలుగేళ్ల కిందట ఆమె పోయిందని తెలిసి సమాధుల తోట దాకా వెళ్లి గేటు బయట నిలబడ్డాను. అక్కడా ఇవతలే.

మట్టాంచేరిలో ఆ సందు చివరికంటా నడిచాను. మోకాళ్ల దాకా నీళ్లు నిలిచాయి, పైన చేపల బుట్టల మూతలు తేలుతున్నాయి. చివరింటి నుంచి వెనక్కి తిరిగాక కనపడింది, సందు మొదట్లో టీకొట్టు చూరు కింద ఇంకొకామె. నా వయసుది, మెళ్లో గుర్తింపు కార్డు, చేతిలో రిజిస్టరు. పొడిగా నిలబడి టీ తాగుతూ, నీళ్లలో ఉన్న ఆమెకు ఇటు, అటు అని వేలితో చూపిస్తోంది. ఎవరో తెలియదు, మంచిదే కావచ్చు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పయ్యేళ్లుగా ఆ జీపు అధికారిని తిట్టుకుంటూ బతికాను. వాడు చేయి ఊపాడు, నిజమే. రూతక్క ఇరవై మూడిళ్లు తిరిగిందని చెప్పగలిగిన ఉద్యోగి ఒక్కర్తే ఉంది. ఆ ఒక్కర్తీ పొడిగా కూర్చుంది. నేను మొదట తిట్టుకోవాల్సింది ఎవర్నో తెలిసీ ఇన్నేళ్లూ తప్పించుకుని తిరిగాను.

ఓడ దగ్గరికి తడిసి ముద్దై చేరాను. ఓడ ఆఫీసు బల్ల దగ్గర రెండు తెల్లకాగితాలు అడిగి తీసుకున్నాను. గదిలో తల తుడుచుకోకుండానే కూర్చున్నాను. ముప్పయ్యేళ్లలో మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. అప్పుడు చెప్పాను.

"ఇంకొక్క ఏడాదైతే రిటైరైతవ్. ఆమె గూడ లేకపాయె. ఇప్పుడు రాసి ఎవ్వరికి లాభం? నీ మీదికే తెచ్చుకుంటవ్," అన్నారు.

"ఆ తల్లి ఇంకా ఉన్నది," అన్నాను. "మొన్న టీకాలకు పోయినప్పుడు చూసిన. నన్ను చూసి మొహం తిప్పుకున్నది."

ఆయన బాత్రూములోంచి తువ్వాలు తెచ్చి నా భుజాల మీద వేశారు. నేను కాగితం మీద నా పేరు, హోదా, ఆ ఉపకేంద్రం పేరు రాశాను. రూతక్క గొప్పతనంతో మొదలుపెట్టబోయి కొట్టేశాను. అది కూడా తప్పించుకోవడమే. రెండో కాగితం తీసుకుని మొదటి వాక్యం ఇలా రాశాను: ఆ రోజు నాకు జ్వరం లేదు.