పైకప్పు వయసు

ఇంటి పైకప్పుకు వయసుంటుందని, ఆ వయసు గురించి మనుషులు నెలల తరబడి వాదించుకుంటారని నాకు కెనడాలోని సార్నియాలో తెలిసింది. మాది తాడిపత్రి. నాపరాళ్లు పరిచిన మిద్దె. వానకు కారితే మా నాన్న పైకెక్కి సందుల్లో సున్నం కూరేవాడు. ఆ మిద్దె ఎన్నేళ్లదని ఎవరూ అడిగిన గుర్తు లేదు.

నేను సార్నియా కాలేజీలో చేరిన ఏడాది ఊరంతా మాలాంటివాళ్లే. బస్ స్టాపులో, పిజ్జా షాపు కౌంటరు వెనక, ఎక్కడ చూసినా మన పిల్లలు. గది దొరకడమే గగనం. మరో ఇద్దరు తెలుగమ్మాయిలతో కలిసి ఒక రిటైరైన ఇంజనీరు గారి ఇంట్లో పై అంతస్తులో అద్దెకు దిగాను. ఆయనది తెనాలి వైపు. ఊరి చివరి కెమికల్ ప్లాంట్లలో ముప్పై ఏళ్లు పనిచేశారు. అంకుల్ అని పిలిచేవాళ్లం. ఆంటీ ఆ శీతాకాలం మాంట్రియల్‌లో కూతురి కాన్పుకు వెళ్లి ఉన్నారు.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఊరిని ఆనుకుని ఉన్న సరస్సు మీంచి గాలి లేచింది. క్లాసులో కిటికీ అద్దాలు వణికాయి. నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మంచు మీద నల్లటి ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. షింగిల్స్. తారు పట్టించి పైన రాతి పలుకులు అద్దిన పలకలు. ఇక్కడి ఇళ్లకు పెంకుల బదులు అవే కప్పుతారు. నా గదిలో సీలింగు మీద గోధుమరంగు మరక, దాని నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు. టేబుల్ మీది నోట్సు తడిసిపోయింది. కుక్కర్ గిన్నె తెచ్చి కింద పెట్టాను.

మరునాడు పొద్దున్నే అంకుల్ ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేశారు. ఆ తర్వాత నన్ను పిలిచి, డైనింగ్ టేబుల్ మీదున్న కవరు చూపించారు. పది రోజుల కిందట వచ్చిన రెన్యూవల్ కాగితాలు. ప్రీమియం బాగా పెరిగిందని చూసి, విసుగొచ్చి, మిగతా పేజీలు చదవకుండానే పక్కన పడేశారట.

"లోపల ఇంకో పేజీ ఉందమ్మా. పైకప్పు పదిహేనేళ్లు దాటితే కొత్తదానికయ్యే ఖర్చు ఇవ్వరంట. తరుగు తీసేసి ఇస్తారంట, పాత బంగారానికి తీసినట్టు."

"మన పైకప్పుకు ఎన్నేళ్లు అంకుల్?"

"నేను కొన్నప్పటి నుంచి ఇదే. ఇరవై దాటింది."

కాగితాలు మళ్లీ కవర్లో పెట్టి అసలు సంగతి చెప్పారు. పాలసీలో ఇంట్లో ఉండేది తమ కుటుంబమేనని రాసి ఉంది. స్టూడెంట్లను పెట్టుకున్నాక ఆ మాట వాళ్లకు చెప్పలేదు. "ఎల్లుండి అడ్జస్టర్ వస్తుంది. నష్టం చూసి రాసుకుపోయే మనిషి. ఎవరని అడిగితే మా చెల్లెలి కూతుర్నని చెప్పు. నువ్వుగా ఏమీ అడగమాకు." నా నోటి సంగతి ఆయనకు అప్పటికే తెలుసు.

అడ్జస్టర్ వచ్చిన రోజు మిగతా ఇద్దరూ షిఫ్టులకు వెళ్లారు. వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. కారు మీంచి నిచ్చెన తనే దించుకుంది. అంకుల్‌కు మోకాళ్ల నొప్పులు కాబట్టి కింద నిచ్చెన పట్టుకునే పని నాకొచ్చింది. ఆవిడ పైన చాలాసేపు ఫొటోలు తీసి, చేతిలో రెండు ముక్కలతో దిగింది. ఉండబట్టలేక, దీని వయసు ఎలా చెబుతారని అడిగాను. ఆ ప్రశ్న ఆవిడకు నచ్చినట్టుంది. రెండు ముక్కలూ నా చేతిలో పెట్టింది. ఒకదాని అంచులు పైకి ముడుచుకుపోయి, పలుకులు రాలిపోయి బోడిగా ఉంది. "ఇది ఎండకూ మంచుకూ ముసలిదైంది" అంది. రెండోదాని పలుకులు చాలావరకు అలాగే ఉన్నాయి, కానీ అడ్డంగా ఒక గీత, కాగితం మడత విప్పినట్టు. "దీన్ని గాలి వెనక్కి మడిచింది." నేను వేలితో ఆ గీత తడిమి చూశాను. సంతలో ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పే మా తాత గుర్తొచ్చాడు.

సరస్సు వైపు నష్టం గాలి వల్ల, పెరటి వైపు చాలావరకు వయసు వల్ల, అని ఆవిడ రాసుకుంటోంది. నేను అంతా మరిచిపోయి అడిగేశాను.

"ఇంట్లో అద్దెకున్నవాళ్లుంటే ఈ లెక్క మారుతుందా?"

ఆవిడ పెన్ను ఆగింది. "ఉన్నారా?"

గరాజు పక్కనున్న అంకుల్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. చెల్లెలి కూతురి మాట నోటిదాకా వచ్చింది. అంతసేపు ఓపిగ్గా నేర్పిన మనిషితో అది చెప్పలేకపోయాను. "ముగ్గురం" అన్నాను. ఆవిడ అదీ రాసుకుంది.

రెండు రోజులు అంకుల్ నాతో మాట్లాడలేదు. నేను వేరే గది వెతుక్కోవాలేమో అనుకున్నాను. తర్వాతి వారం కంపెనీ ఉత్తరం వచ్చింది. సరస్సు వైపుకు తరుగు తీసి ఇస్తారు, పెరటి వైపుకు ఏమీ రాదు, అద్దె సంగతి పాలసీలో సరిచేయకపోతే రద్దు చేస్తారు. అంకుల్ ఫైలంతా తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వే మొదలెట్టావుగా. కూర్చో, చదువుదాం."

మూడు సాయంత్రాలు చదివాం. నాకు చదువుతున్నకొద్దీ ఇంకా తెలుసుకోవాలనిపించేది. మూడో రోజు ఆ తరుగు పేజీ అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆగాను.

"అంకుల్, ఈ రూలు ఏప్రిల్ నుంచి అంట. గాలి వచ్చింది మార్చిలో కదా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "నేను చూళ్లేదే ఇది" అన్నారు నెమ్మదిగా.

అక్కడి నుంచి ఆయనలో ఇంజనీరు లేచాడు. ఉత్తరం మూడుసార్లు తిరగరాశారు, నేను టైప్ చేశాను. కంపెనీవాళ్లు ఒక వారం ఒకటి చెప్పేవారు, మరో వారం మరొకటి. ఆయన గొంతు పెంచకుండా అదే తేదీ చదివి వినిపించేవారు. చివరికి సరస్సు వైపుకు తరుగు లేకుండా ఇచ్చారు. పెరటి వైపు ఆయనే వేయించుకోవాల్సి వచ్చింది. పాలసీలో మా ముగ్గురి సంగతీ చేరింది, ప్రీమియం ఇంకొంచెం పెరిగింది. ఆ రోజు మమ్మల్ని కిందికి పిలిచి, "మీతో అబద్ధం చెప్పించబోయాను, అది తప్పే" అన్నారు. అద్దె కొద్దిగా పెంచక తప్పదన్నారు. మేం ఒప్పుకున్నాం.

మే నెలలో పనివాళ్లు వచ్చారు. పారలతో పాత షింగిల్స్ లేపుతుంటే నేను పెరట్లో నిలబడి చూస్తున్నాను. నల్ల పొర కింద ఇంకో పొర బయటపడింది, పాచి రంగులో. అంతకుముందున్న యజమాని పాతది తీయకుండా దాని మీదే కొత్తది వేయించాడట. అంకుల్ మోకాళ్ల నొప్పులతోనే నిచ్చెన ఎక్కి చూశారు. వద్దన్నా వినలేదు. దిగి వచ్చి మాంట్రియల్‌కు ఫోన్ కలిపారు.

"ఇన్నేళ్లూ మనం రెండు కప్పుల కింద పడుకున్నామోయ్" అని ఆంటీకి చెబుతున్నారు. అడుగున ఉన్నదాని వయసెంతని ఆంటీ అడిగారు కాబోలు, "ఏమో, ఈ పిల్లనే అడగాలి" అని ఫోన్ నా చేతికిచ్చారు.