పెట్టీ అని రాసిన పుస్తకం

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై తొమ్మిదేళ్లు. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు, కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో మహిళా సంఘం పుస్తకం రాసే మనిషి లేక నా చేతికిచ్చారు. అప్పటిదాకా వేలిముద్ర వేసిన చేతిలోకి పెన్ను వచ్చింది. ఆ గర్వం ఎంతటిదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గురువారం పొద్దు వాలేవేళ బడి అరుగు మీద కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరు తమ కష్టం చెప్పేవారు, నేను రాసేదాన్ని. నెలకోసారి మండలం నుంచి ఒక మేడం వచ్చి పుస్తకం చూసేది. మొదటిసారే విసుక్కుంది.

"బోరు కాడ బురద, ఎవల కోడో ఎవల దొడ్లకో పోయిందని... ఇవన్ని రాస్తే నేనెప్పుడు చదవాలమ్మా? ఇసొంటియాటి పక్కన 'పెట్టీ' అని రాయి. అవి నేను చూడ."

నల్లగొండలో డిగ్రీ చదివే నా బిడ్డను ఆ ఇంగ్లిష్ మాటకు అర్థం అడిగాను. నవ్వింది. "చిన్న ముచ్చట అన్నట్టు. ఊకె సణిగెటోళ్ల కోసం ఇంగ్లిష్ల శాన మాటలున్నయమ్మా" అని పుస్తకం చివరి పేజీలో వరసగా రాసిచ్చింది. గ్రంబుల్, నాగ్, క్విబుల్, నిట్‌పిక్.

"ఆఖరిదేంది?"

"ఈర్లు ఏరుడు. అంత చిన్నయి పట్టుకొని సతాయించుడన్నట్టు."

"ఈర్లు ఏరకుంటే పేన్లు గావా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అన్నిటిలో నాకు పెట్టీయే నచ్చింది. రెండే అక్షరాలు. చకచకా రాయొచ్చు.

మా వాడలో ఆడది నలుగురిలో "మొగడు కొట్టిండు" అనదు. అంటే తల్లిగారింటి పరువు పోతుందని మాకు నేర్పారు. అందుకని ఇంట్లోని ఏదో చిన్న వస్తువు పేరు చెప్తుంది. వినేవాళ్లకు తెలిసిపోతుంది. నా చిన్నప్పుడు మా అమ్మ కల్లం దగ్గర "కుండ పగిలింది" అన్నది, అంతే. ఆ పొద్దే ముగ్గురు ఆడవాళ్లు చింతపండు గింజలు తీసే పని పట్టుకొని మా వాకిట్లో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. బాపు వచ్చాడు, వాళ్లను చూశాడు, కాళ్లు కడుక్కొని అన్నం తిన్నాడు. మూడు రోజులు అట్లాగే వచ్చి కూర్చున్నారు. బాపు చెయ్యి మళ్లీ లేవలేదు. ఆ తర్వాత చాలా ఇళ్ల వాకిళ్లలో నేనూ కూర్చున్నాను.

ఇదంతా తెలిసినదాన్నే.

మా వాడ చివరింటి కోడలికి ఇరవై రెండో మూడో ఉంటాయి. నన్ను అత్తా అని పిలిచేది. నాలుగు గురువారాలు వరసగా లేచి చెప్పింది. మొదటి వారం, కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన తినడం లేదన్నది. రెండో వారం, తలుపుకు గొళ్లెం సరిగా పడడం లేదన్నది. మూడో వారం గాజుల మాట తెచ్చింది.

"గాజులు ఊకె పలుగుతున్నయత్తా. ఆ అమ్మెటాయన మంచియి ఇస్తలేడు."

"ఏం పిల్లా, గాజుల చేతులతోని బండలు కొడుతున్నవా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నాలుగో వారం, పళ్లు సలుపుతున్నాయి, బుక్క నమలలేకపోతున్నా అన్నది.

నాలుగింటి పక్కనా పెట్టీ అని రాశాను.

ఒత్తు ఎక్కడ తప్పుతుందోనని తల వంచుకొని రాసేదాన్ని. ఆమె ముఖం ఎట్లా ఉందో చూడలేదు. వెనకటి రోజుల్లో అయితే గొళ్లెం మాట వినగానే ఇద్దరు ముగ్గురు లేచి ఆ వాకిట్లోకి పోయేవాళ్లు. ఇప్పుడు అందరూ నా చేతివైపు చూశారు. "రాసుకున్నరు గదా, ఇగ మండలంల చూస్తరు తీ" అని చీర దులుపుకొని ఇళ్లకు పోయారు.

ఐదో గురువారం ఆమె రాలేదు. ఆ ఆదివారం పొద్దున వాళ్ల పొలం బావిలో తేలింది. మోటరు చూడబోయి కాలు జారిందని అత్తింటివాళ్లు చెప్పారు.

మర్నాడు ఆమె అన్న నా దగ్గరికి వచ్చాడు. "సంఘంల చెప్పిందట గదా. పుస్తకం తీస్కొని ఠాణాకు రావే అత్తా. అదొక్కటే ఉన్నది మాకు" అన్నాడు. పోయాను. అక్కడి అధికారి నాలుగు పేజీలూ తిప్పి, పుస్తకాన్ని నావైపు జరిపాడు.

"ఉప్పు, గొళ్లెం, గాజులు, పండ్ల నొప్పి. పక్కన పెట్టీ అని రాసింది ఎవరు?"

"నేనే సారూ. కానీ మా దిక్కు గట్ల అన్నరంటే..."

"అంటే ఏందో అప్పుడే రాయాల్సింది గదమ్మా."

మా వాడ పద్ధతంతా చెప్పాను. విన్నాడు. రాసుకోలేదు. బయటికి వచ్చాక ఆ అన్న నన్ను బండి మీద ఎక్కమని అనలేదు. హైవే పక్కనే నడుచుకుంటూ ఊరికి వచ్చాను.

పెద్దకర్మ నాడు ఆమె తల్లి పిలిపించింది. చదువు రాని మనిషి. ఒకప్పటి నావంటిదే, నా ఈడుదే.

"వదినె, నా బిడ్డ ఏం చెప్పిందో జర సదివి ఇనిపియ్యవా."

చదివాను. ఒక్కో వాక్యానికీ ఆమె కళ్లు మూసుకుంది. గొళ్లెం దగ్గర "అయ్యో" అన్నది. గాజుల దగ్గర నోట్లో చీర కొంగు కుక్కుకుంది. నేనేమీ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. అయిపోయాక నాలుగు చోట్లా ఒకే తీరుగా ఉన్న ఆ రెండక్షరాల మీద వేలు పెట్టింది.

"గీ పక్కకున్నదేంది? ఇది సదువలేదు నువ్వు."

"పెట్టీ అని."

"అంటే?"

"చిన్న ముచ్చట, పట్టించుకోవద్దు అని."

"ఎవలు రాసిండ్రు, మండలపామెనా?"

"నేనే" అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆమె పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు మనోళ్ల మనిషివే గద, వదినె" అన్నది.