అడ్డగొట్టం

మొన్న గోదావరిఖనిలో కళ్లద్దాలు మార్పించుకుని, కొత్త మోజులో కనబడిన ప్రతిదాన్నీ తేరిపార చూస్తూ నడుస్తుంటే, ఒక దుకాణం ముందు గుట్టలెక్కే లావు టైర్ల సైకిళ్లు కనిపించాయి. అన్నిటికీ పైగొట్టం హ్యాండిల్ దగ్గర మొదలై సీటు కిందికి వాలి ఉంది. దుకాణంవాడు నన్ను కొనే బేరం అనుకున్నాడు కాబోలు, ఇది కొత్త డిజైన్ అని చెప్పుకొచ్చాడు. తలూపి వచ్చేశాను.

ఆ వాలుగొట్టాన్ని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చూశాను. అప్పుడు మా అక్కావాళ్ల క్వార్టర్లోనే ఉండేవాణ్ణి. గనిలో పైకప్పు బండ పడి మా బావకు తుంటి విరిగింది. అతుక్కున్నాక పెడల్ తొక్కగలిగాడు గానీ, కాలెత్తి సైకిల్ మీదుగా తిప్పడం చేతకాలేదు. గని పైన లైట్ డ్యూటీ ఇచ్చారు. షిఫ్టు వేళకు అందుకోకపోతే అన్‌ఫిట్ చేసి ఇంట్లో కూర్చోబెడతారని ఆయన బెంగ. రోడ్డేమో చుట్టుతిరుగుడు, దగ్గరి దారి ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట మీదుగా. సైకిలే కాళ్లుగా బతికిన మన తరానికి ఆ బెంగ వేరే చెప్పక్కర్లేదు.

మా క్వార్టర్ల లైన్ చివర సైకిళ్లు బాగుచేసే భాయి రెండు పాత ఫ్రేములు కోసి, ఇత్తడి పోసి అతికి, బావ కోసమే ఒక ఫ్రేము కట్టాడు. పైగొట్టాన్ని మోకాలి ఎత్తుకు వాల్చి, బలం తగ్గకుండా కింద ఇంకో పొట్టి గొట్టం ఊతంగా పెట్టాడు. మోపెడ్ టైర్లు పట్టేలా ఫోర్కు వెడల్పు చేశాడు. దిగుడులో ముందుకు తూలకుండా వెనక చక్రాన్ని నాలుగు వేళ్లు వెనక్కి జరిపాడు. "ఫికర్ చెయ్యకన్నా, కాలు ఎత్తుడే లేదు, గిట్ల దాటిస్తే చాలు" అని తానే ఎక్కి చూపించాడు. బావ ఆ గుట్టను ఎక్కి దిగి వచ్చిన రోజు అక్క వీధంతా బెల్లం పంచింది.

కానీ గని గేటు దగ్గరి నోళ్లు ఊరుకుంటాయా? అది ఆడవాళ్ల సైకిలని పేరు పెట్టారు. "ఏం బావా, అక్క చీర గూడ కట్టుకొని రాకపోయినవ్" అని ఒకడంటే పదిమంది నవ్వేవాళ్లు. కసిగా కాదు, మన గనుల్లో వేళాకోళం లేనిదే షిఫ్టు గడవదు కదా. బండ కింద పడి కిమ్మనని మనిషి ఆ నవ్వుకు మాత్రం తట్టుకోలేకపోయాడు. మగవాళ్ల సైకిల్‌కు ఉన్నట్టు అడ్డగొట్టం పెట్టమని భాయిని అడిగితే చెయ్యనన్నాడు. బావ ఇంకో షాపుకు వెళ్లి, పైన తిన్నగా ఒక అడ్డగొట్టం వెల్డింగు పెట్టించుకొచ్చాడు. గోడ పట్టుకుని, సైకిల్‌ను ఒరిగించి తంటాలు పడి ఎక్కేవాడు. నవ్వులు ఆగిపోయాయి. నాకు మాత్రం అది చూస్తే భయమేసేది.

వానలు పడ్డాక గుట్ట దిగుతుంటే చక్రం బురదలో జారింది. అడ్డగొట్టం మీదుగా కాలు దాటించి నేల తన్నే వీలు లేక సైకిల్‌తో పాటే దొర్లాడు. అతికిన తుంటి మళ్లీ విరిగింది, ఈసారి సరిగా అతకలేదు. ఏ మాటకు భయపడ్డాడో ఆ మాటే, అన్‌ఫిట్ అనే మాటే, చివరికి దవాఖానలో విన్నాడు. ఆయనకు బదులు అక్కకు క్యాంటీన్లో పని ఇచ్చారు.

అక్క ఆ సైకిల్‌ను భాయి దగ్గరికి తోసుకెళ్లింది. ఆయన రంపపు బ్లేడుతో అడ్డగొట్టం కోసి, మొండి అంచులు ఆకురాయితో నున్నగా చేసి ఇచ్చాడు. మొదటిరోజు అక్క దాని మీద డ్యూటీకి పోయి వచ్చేదాకా బావ గుమ్మం ముందు మంచం మీదే ఉన్నాడు. రాగానే అడిగాడు.

"ఎవరన్న నవ్విండ్రా?"

"ఎందుకు నవ్వుతరు, ఆడిదాన్నే గద" అంది అక్క.

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరు ఏ సైకిలెక్కి పోయినా తలెత్తి చూసి నవ్వే తీరిక ఎవరికీ లేదు. ఊళ్లో ఆప్యాయత తగ్గిందని మనమంతా వాపోతాం, నేనూ వాపోతాను. కానీ అప్పుడు నవ్వినవాళ్లంతా బావను ప్రాణంగా చూసుకున్నవాళ్లే. వాళ్లు కాస్త పరాయివాళ్లై ఉంటే ఆయన తన కాళ్ల మీదే రిటైరయ్యేవాడు.