ఒక్క ఊపిరికి మూడు మాటలు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా వీధి చివర పూలు కట్టి అమ్మే ముసలావిడ. పుత్తూరులో మా ఇంటికీ, మా అన్న ఇంటికీ రెండు వీధుల దూరం. నేను వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆవిడ సగం కట్టిన మల్లెల దండ చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"మే, మీయన్న మిద్దె మింద నించి పడిపోయినాడు. నీళ్ల ట్యాంకుకు మూత ఏస్తా ఉండినాడంట. బిన్నా పో."

"దెబ్బలు శానా తగిలినాయా?"

"రక్తం లేదు. కానీ కాళ్లు కదిలించలేకుండా ఉండాడు. నాకు అదే బయంగా ఉండాది."

మా ఊళ్లో ఎముక విరిగిందంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కట్టు కట్టేవాళ్లే. నేను వెళ్లేసరికి అన్నను మంచంతో సహా అక్కడికే మోసుకుపోయారు. కట్టు కట్టే పెద్దాయన అన్న మెడ మీద చెయ్యి కూడా వేయలేదు. "ఇది మా కట్టుకు లొంగేది కాదప్పా. తల కదలనీకుండా తిరుపతికి ఎత్తుకుపోండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. భుజాలు కాస్త కదిలేవి. ఛాతీ నుంచి కిందికి ఏమీ లేదు. గొంతుకు మాత్రం ఏ దెబ్బా తగల్లేదని డాక్టరు చెప్పినప్పుడు అమ్మా, నేనూ ఆసుపత్రి వరండాలోనే స్వామికి మొక్కుకున్నాం. మాటన్నా మిగిలింది కదా అనుకున్నాం. మాట గొంతులో పుడుతుందనే అప్పటికి మా నమ్మకం.

అన్న బస్సు కండక్టరు. తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా నగరి పోయే బస్సు. వెనక మెట్టు మీద నిలబడి "వడమాలపేట దిగేవాళ్లు ముందుకు రాండి" అంటే నిండు బస్సులో డ్రైవరు దాకా వినపడేది. నాకు చదువు చెప్పిందీ ఆయనే. చిన్నప్పుడు ఎప్పుడూ జ్వరాలతో ఉండేదాన్నని అమ్మ నన్ను బడికి పంపలేదు. సాయంత్రం అన్న తన పుస్తకాలే ముందు పెట్టి చదివించేవాడు. "కామా కాడ ఆగు, చుక్క కాడ ఊపిరి తీసుకో. నడమ తీసుకుంటివా, గిచ్చుతా" అనేవాడు. గిచ్చేవాడు కూడా.

అలాంటివాడు ఇంటికి వచ్చాక ఒక్క ఊపిరికి మూడు మాటలు మాట్లాడేవాడు. చూసుకోవడానికి నేనూ ఆ ఇంట్లోనే ఉండిపోయాను. "నాకు నీళ్లు కొంచెం..." అని ఆగి, గాలి పీల్చి, "వేడిగా ఇయ్యి" అనేవాడు. చివరి మాట పక్కింట్లోంచి వస్తున్నట్టు సన్నగా ఉండేది. వదిన వంగి చెవి పెట్టేది.

వారానికొకసారి ఏర్పేడు వైపు నుంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చేది. ఏసును నమ్ముకున్న పిల్ల. అన్న మీద చెయ్యి వేసే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ఆమెను చూసి నేనూ మూసుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. గొంతు బాగానే ఉన్నప్పుడు మాట ఎందుకు తెగిపోతోందని.

"సన్నాయి బాగానే ఉండాదక్కా. ఊదేదానికే బలం సాలడం లేదు" అంది.

అప్పుడు వివరంగా చెప్పింది. మనం మాట్లాడేది బయటికి వదిలే ఊపిరి మీదే. నిండా పీల్చినప్పుడు ఛాతీ సాగదీసిన రబ్బరులా తనంతట తాను వెనక్కి రావాలని చూస్తుంది. ఆ తోపుకే మొదటి మాటలు వచ్చేస్తాయి. మనమైతే ఆ తోపును కాస్త బిగబట్టి కొంచెం కొంచెంగా వదులుతాం. అది అయిపోయాక పొట్టా, పక్కటెముకల కండరాలూ లోపలికి పిండితే మిగతా వాక్యం పూర్తవుతుంది. అన్నకు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే, గాలి పీల్చే పొర ఒక్కటే పనిచేస్తోంది. పిండే కండరాలు లేవు. అందుకే వాక్యం మొదలవుతుంది గానీ ముగియదు. దగ్గూ అంతే.

గ్లాసులో నీళ్లు పోసి, మూడు వేళ్ల లోతుకు స్ట్రా ముంచి, అయిదు లెక్కపెట్టేదాకా బుడగలు తెప్పించమంది. అన్నకు మూడుకే ఆగిపోయాయి.

"గ్లాసు నీళ్లే... తొయ్యలేను. బస్సులో జనాన్ని... ఎట్ల తోసినానో" అన్నాడు.

కూర్చోబెట్టినప్పుడు పొట్ట ముందుకు జారి ఆ పొరనూ కిందికి లాగేస్తుందని, పొట్టకు గుడ్డ చుట్టమని ఆ అమ్మాయి చెప్పిపోయింది. అమ్మ ముఖం వెలిగింది. "ఓస్, నడికట్టే కదా! నాకు రాందా అది?" అంది. బాలింతలకు నడుం చుట్టూ కట్టే కట్టు అది. వీధిలో ఎంతమందికి కట్టిందో. మరుసటి రోజు పాత నూలు చీర తీసి, ఎంత బిగిస్తే అంత మాట వస్తుందనుకుని, పక్కటెముకల దాకా చుట్టి బిగించింది. అన్న పెదవులు కదిలాయి. మాట లేదు. ముఖం నల్లబడింది. ముడి ఊడిరాలేదు. వదిన కత్తెర తెచ్చి చీరను నిలువునా కోసేసింది. అన్న నాలుగైదు ఊపిర్లు పీల్చుకుని, ఏడుస్తున్న అమ్మ వైపు చూసి,

"బాలింత... బతికింది లేమ్మా" అన్నాడు.

మా ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే ఆఖరు.

పక్కటెముకలు వదిలేసి పొట్టకు మాత్రమే ఎలా కట్టాలో ఆ అమ్మాయి మళ్లీ వచ్చి చూపించింది. అలా కట్టిన రోజు అన్న "మే" అని పిలిస్తే వంటింట్లో ఉన్న నాకు వినపడింది. కొన్ని నెలలు ఆరు మాటల దాకా వచ్చాయి. వంటింటి దాకా వినపడటం మాకు ఎందుకంత ముఖ్యమంటే, కఫం అడ్డం పడితే ఆయన దగ్గలేడు. పిలిస్తే మేం పరుగెత్తి, పొట్ట మీద అరచేతులు పెట్టి నొక్కి దగ్గించాలి. పిలుపు వినపడకపోతే మనిషి ఉండడు.

చలికాలంలో రెండుసార్లు ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. పిలుపు నడవ దాకానే వచ్చేది. తర్వాత గడప దాకా. తర్వాత మంచం పక్కన కూర్చుంటేనే. వంతులు వేసుకుని కూర్చున్నాం.

రెండోసారి ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. గొంతు కింద కన్నం పెట్టి గొట్టం వేస్తే కఫం తీయవచ్చు, లేకపోతే ఇంకో జ్వరాన్ని తట్టుకోలేడు. అయితే గాలి ఆ కన్నంలోంచే వచ్చిపోతుంది, మాట పుట్టే చోటికి చేరదు. కొందరికి గొట్టానికి చిన్న మూత పెడితే మాట వస్తుందట. ఈయనకు ఆ బలం ఉందో లేదో చెప్పలేనన్నాడు.

"ఓల్డాన్" అన్నాడు అన్న. బస్సు ఆపడానికి కండక్టర్లు అనే మాట. డాక్టరు నవ్వి రెండు రోజులు టైం ఇచ్చాడు.

ఆ రెండు రోజులూ అన్న ఎటూ తేల్చలేదు. ఆఖరికి వదిన మంచం కోడు పట్టుకుని నిలబడింది. "ఇరవై ఏండ్లు నీ అరుపులు ఇన్నాను కదా. ఇంక నేనరుస్తా, నువ్వు ఇను. నువ్వుంటే సాలు నాకు" అంది. అన్న ఆమెను చూసి తలూపాడు.

గొట్టం వేసే ముందురోజు సాయంత్రం ఆయన కూతురు ఫోను తెచ్చి రికార్డింగు పెట్టింది. శబ్దం రాకూడదని ఫ్యాను ఆపింది.

"నాయనా, ఏమన్నా చెప్పు. ఏదైనా సరే."

అన్న నిండా ఊపిరి పీల్చాడు. అందరం ముందుకు వంగాం.

"ఫ్యాను... ఎవరు... ఆపింది?"

అంతే. ఆ మూడు మాటలకే అలిసిపోయి కళ్లు మూసుకున్నాడు. లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. పొద్దున్నే తీసుకుపోయారు.

మూత రెండుసార్లు పెట్టి చూశారు. ఊపిరాడక ముఖం నల్లబడింది. ఇంక వద్దన్నారు. ఇప్పుడు అన్న పెదవులు కదుపుతాడు, మేం చదువుతాం. పప్పు అన్నా, మబ్బు అన్నా పెదవులు ఒకేలా కదులుతాయి. తప్పు చదివితే ముందు మళ్లీ చెప్పేవాడు. ఈ మధ్య కళ్లు మూసుకుంటున్నాడు. కూతురు ఆ రికార్డింగును తుడిపెయ్యలేదు, వినడమూ లేదు. బాగుపడుతుందా అని డాక్టరును అడగడం మేం మానేశాం. దీపం పెట్టేటప్పుడు, ఊపిరి ఇచ్చినందుకు స్వామికి రోజూ చెప్పుకుంటాను. చెప్పుకుని లేచేసరికి ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు.

అన్న పేరు రాయొద్దని వదిన అంది, రాయలేదు. ఈ వాక్యాన్ని పైకి చదివితే మీరు ఒక్క ఊపిరిలో చదివేస్తారు. చదివాక మా అన్నను ఒకసారి తలచుకోండి.