దాదా మెడదాకా నీళ్లు

పోయిన వారం కలకత్తా ఖిదిర్‌పూర్ బజారులో ఒకావిడ "సొజ్‌నే, సొజ్‌నే" అని కేకేస్తూ మునగకాడలు అమ్ముతుంటే నాకు నవ్వొచ్చింది. అదేమంత మంచి నవ్వు కాదు. మా అత్త దగ్గర నేర్చుకున్నది.

అత్త అంటే మా నాన్న అక్క. ఆ పక్కనే ఏక్‌బాల్‌పూర్‌లో రేవు కూలీల పిల్లలకు తెలుగు బడిలో పాఠాలు చెప్పేది. పెళ్లయి వస్తూ శ్రీకాకుళం నుంచి తడిగోనెలో చుట్టి తెచ్చుకున్న మునగకొమ్మ మా క్వార్టర్ల వెనక చెట్టయింది. మామయ్య పోయాక ఆవిడకు మిగిలిన తోడు అదే. ఎర్రజెండాల రోజులవి. వీధి కమిటీ కార్యదర్శి తెలుగువాడే అయినా అందరూ బెంగాలీలో అన్నను పిలిచినట్టు దాదా అనే పిలిచేవారు. గొంగళిపురుగులు పడుతున్నాయని వంక పెట్టి, అత్త బడిలో ఉన్న సమయం చూసి ఆ చెట్టు కొట్టించి, అక్కడ క్యారమ్ ఆడుకోవడానికి గది కట్టించాడు. తెల్లదొరలు రోడ్డు వెంట నాటించుకున్న చెట్లకూ పురుగులు పట్టేవి. వాటి మీద గొడ్డలి వేయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అత్త ఏడవలేదు. కలకత్తాలో వీధివీధికీ ఓ గోడపత్రిక ఉండేది, కథలూ కవితలూ చేత్తో రాసి గోడకు అంటించేవారు. మా వీధి గోడ మీద ఆవిడ సీరియల్ మొదలుపెట్టింది. అందులో బంగారు పన్ను కట్టించుకున్న పెద్దమనిషి ఒకడు చెట్టు నరికిస్తాడు. దాని వేళ్లు కుళ్లిన దారిలోంచి హుగ్లీ నది వాడి ఇంట్లోకి వస్తుంది. మొదటి వారం పాదాలు తడిశాయి, తర్వాత మోకాళ్లు, నడుము. గుర్రపుడెక్క, బురద, ఎండ్రకాయలు అన్నీ వాడి మంచం ఎక్కాయి. మా వీధిలో బంగారు పన్ను ఒక్క దాదాకే ఉండేది. తమాషా ఏమిటంటే, ఆయనకు బెంగాలీ తప్ప తెలుగు చదవడం రాదు. కార్యదర్శి హోదాలో ప్రతి ఆదివారం తానే జిగురు రాసి ఆ కాగితాలు అంటించేవాడు.

చివరికి టీ కొట్టు దగ్గర అందరూ "నీలెందాకా వచ్చినాయి దాదా?" అని అడగడం మొదలెట్టాక, కూతురి చేత చదివించుకుని అత్త ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి పంతులమ్మా, నన్నిలాగ ముంచీసినావు? మా ఇంటిది కూడా నవ్వుతోంది. ఒడ్డుకి లాగీ తల్లీ."

"నానేటి చేస్తాను దాదా? చెట్టుంటే పట్టుకుని ఎక్కీవోడివి."

మర్నాడే ఆయన ఎక్కడినుంచో మునగకొమ్మ తెచ్చి, క్యారమ్ గది పక్కన నాటి, అందరూ చూస్తుండగా నీళ్లు పోశాడు. అత్త కిటికీలోంచి చూసింది. ఆ ఆదివారం కథలో నీళ్లు మెడదాకా తెచ్చి, కింద సమాప్తం అని రాసింది. పాపం అనిపించలేదా అని అడిగాను.

"ఆ కొమ్మ నా కొమ్మ కాదు" అంది.

నాకు ఆ రోజు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను. దాదా ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, మంచం మీదే సుఖంగా పోయాడు. అత్తా పోయింది. కానీ ఈనాటికీ మా వీధి ముసలాళ్లు ఆయన హుగ్లీలో మునిగి పోయాడనే చెబుతారు. కాలం ఆ గోడనే చెరిపేసింది గానీ, దాదాని మాత్రం నీళ్లలోంచి బయటికి తీయలేదు.